శరత్తులో మొదలయ్యే సంబరం: బాస్కెట్‌బాల్ సీజన్ తొలి రోజుల చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఏడాది పొడవునా ఏదో ఒక ఆట సాగుతూనే ఉంటుంది. వేసవి అంతా బేస్‌బాల్, ఎండలు తగ్గి ఆకులు రాలే వేళకు అమెరికన్ ఫుట్‌బాల్, చలి ముదిరి మైదానాలు మంచుతో నిండే నెలలకు బాస్కెట్‌బాల్ అన్నది అక్కడి జనానికి అలవాటైన వరుస. వృత్తి క్రీడాకారుల జట్లతో నడిచే ఎన్‌బీఏ, అంటే నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, అక్టోబరు చివరి వారాల్లో ఆట మొదలుపెట్టి, ఒక్కో జట్టుచేత 82 మ్యాచ్‌లు ఆడించి, జూన్‌లో విజేతను తేలుస్తుంది. కళాశాలల జట్లు నవంబరులో బరిలోకి దిగి, మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగే జాతీయ టోర్నమెంటుతో ముగిస్తాయి. ఇంత పొడవైన సీజన్‌లో తొలి మూడు నాలుగు వారాల గెలుపోటములకు లెక్కలో పెద్ద బరువు ఉండదు. అయినా అభిమానుల వేషాలు, కేరింతలు, సరదా ఆచారాలు ఎక్కువగా కనిపించేది ఆ రోజుల్లోనే. ఈ సంబరానికి మూలం ఆట పుట్టిన తీరులోనే ఉంది. ఏడాదిలో ఖాళీగా మిగిలిన నెలలను నింపడానికి పుట్టిన ఈ ఆటను, ఆ నెలలు ఎప్పుడొస్తాయా అని జనం ఎదురుచూసే స్థాయికి తెచ్చినవారు ప్రేక్షకులేనని దీని చరిత్ర చెబుతుంది.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, క్రైస్తవ యువజన సంఘమైన వై.ఎం.సి.ఏ. తన కార్యదర్శులకూ వ్యాయామ శిక్షకులకూ తర్ఫీదు ఇచ్చే పాఠశాల ఒకటి నడిపేది. ఆరుబయట ఫుట్‌బాల్, బేస్‌బాల్ ఆడటానికి అలవాటుపడిన అక్కడి విద్యార్థులకు, మంచు కురిసే నెలల్లో నాలుగు గోడల మధ్య కవాతూ కసరత్తులూ తప్ప మరో వ్యాపకం ఉండేది కాదు. 1891 చలికాలంలో 18 మంది ఉన్న ఒక తరగతి ఆ విసుగుతో ఉపాధ్యాయులకు కొరకరాని కొయ్యగా మారింది. అప్పుడు వ్యాయామ విభాగానికి అధిపతిగా ఉన్న లూథర్ గ్యూలిక్, ఆ తరగతిని కెనడా నుంచి వచ్చిన 30 ఏళ్ల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్‌కు అప్పగించి, ఇంటి కప్పు కింద, దీపాల వెలుగులో ఆడదగిన కొత్త ఆటను 14 రోజుల్లో రూపొందించమన్నాడు. నైస్మిత్ మొదట ఫుట్‌బాల్‌నూ, సాకర్‌నూ, లక్రాస్ అనే కర్రల ఆటనూ వ్యాయామశాలకు కుదించి చూశాడు. ఇరుకు స్థలంలో అవి దెబ్బలకూ పగిలిన కిటికీలకూ దారితీయడంతో, బంతి పట్టుకుని పరుగెత్తకూడదనీ, గోలు నేల మీద కాక తల కంటే ఎత్తున ఉండాలనీ నిర్ణయానికి వచ్చాడు. గోలు ఎత్తున ఉంటే బంతిని బలంగా విసరడం వల్ల లాభం ఉండదు, దాన్ని మెల్లగా పైకి లేపి వంపు తిరిగేలా వదలవలసి వస్తుంది. బలం కంటే గురి ముఖ్యమయ్యేలా చేసిన ఈ ఆలోచనే ఆటకు ఆయువుపట్టు అయింది.

నైస్మిత్ రెండు పెట్టెలు కావాలని అడిగితే, పాఠశాల పనులు చూసే ఉద్యోగి తన దగ్గరున్న రెండు పీచ్ పండ్ల బుట్టలు తెచ్చి ఇచ్చాడు. వాటిని వ్యాయామశాల చుట్టూ ఉన్న వసారా పిట్టగోడకు దిగగొట్టారు. ఆ పిట్టగోడ నేల నుంచి పది అడుగుల ఎత్తున ఉండటం వల్లనే నేటికీ ప్రపంచమంతటా బుట్ట ఎత్తు పది అడుగులుగా నిలిచిపోయింది. 13 నియమాల జాబితా గోడకు అంటించి, 1891 డిసెంబరు 21న సాకర్ బంతితో ఒక్కో పక్షాన తొమ్మిదిమంది చొప్పున ఆడిన తొలి ఆటలో పడినది ఒకే ఒక్క బుట్ట, దాన్ని వేసినవాడు విలియం ఛేజ్. బుట్టకు అడుగు ఉండేది కాబట్టి, పడిన బంతిని తీయడానికి ఎవరో ఒకరు పైకి ఎక్కవలసి వచ్చేది. క్రిస్మస్ సెలవులకు ఇళ్లకు వెళ్లిన విద్యార్థులు తమ ఊళ్లలోని వై.ఎం.సి.ఏ. శాఖల్లో ఈ ఆటను చూపించారు. 1892 జనవరిలో పాఠశాల పత్రిక ‘ది ట్రయాంగిల్’ నియమాలను ప్రచురించి దేశమంతటా ఉన్న శాఖలకు చేర్చింది. అదే ఏడాది మార్చి 11న విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ మధ్య జరిగిన తొలి బహిరంగ పోటీని సుమారు 200 మంది చూశారు. విద్యార్థులు 5-1 తేడాతో గెలిచారు. చలికాలపు వ్యాయామంగా మొదలైనది మూడు నెలలు తిరగకముందే చూడదగ్గ వేడుకగా మారడం ఇక్కడ గమనించవలసిన విషయం.

ఆ వేడుకలో స్త్రీలు మొదటి నుంచీ ఉన్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌కు దగ్గరలోని నార్తాంప్టన్‌లో ఉన్న స్మిత్ కళాశాల వ్యాయామ ఉపాధ్యాయురాలు సెండా బెరెన్సన్, నైస్మిత్ నియమాలను చదివి, తన విద్యార్థినులకు తగినట్లు మార్చి, 1893 మార్చిలో మొదటి ఏడాది, రెండో ఏడాది తరగతుల మధ్య పోటీ జరిపించింది. ఆమె కోర్టును మూడు భాగాలుగా విభజించి, ఏ భాగంలోని క్రీడాకారిణి ఆ భాగం దాటకుండా కట్టడి చేసింది; స్త్రీలకు అలసట తగదన్న నాటి నమ్మకం ఆ నియమంలో కనిపిస్తుంది. ఆ పోటీకి పురుషులకు ప్రవేశం లేదు. అయినా వసారాల నిండా చేరిన విద్యార్థినులు తమ తరగతి రంగులు ధరించి కేకలతో ఉత్సాహపరచిన తీరు, తర్వాతి కాలంలో కళాశాల బాస్కెట్‌బాల్‌కు గుర్తింపు చిహ్నమైన ప్రేక్షక సంస్కృతికి తొలి నమూనాల్లో ఒకటి.

ప్రేక్షకులు ఆటను చూసి ఊరుకోలేదు, దాని రూపాన్నే మార్చారు. బుట్టలు వసారా అంచున ఉండటంతో, పైన కూర్చున్నవారు చేతులు చాచి తమ పక్షం బంతిని లోపలికి తోయడం, ఎదుటి పక్షం బంతిని బయటికి నెట్టడం మొదలుపెట్టారు. వారి చేతులకు అడ్డంగా బుట్ట వెనుక ఒక తెరను అమర్చడం అవసరమైంది. నేడు ఆటగాళ్లు బంతిని తగిలించి బుట్టలో వేసే బోర్డు ఆ విధంగా పుట్టింది. అలాగే గీత దాటి బయటికి పోయిన బంతిని ఎవరు ముందు తాకితే వారిదేనన్న తొలినాటి నియమం వల్ల, ఆటగాళ్లు బంతి కోసం జనం మీద పడిపోయేవారు. దీన్ని తప్పించడానికి న్యూజెర్సీలోని ట్రెంటన్ జట్టు 1896లో కోర్టు చుట్టూ పంజరంలాంటి కంచె కట్టింది, వై.ఎం.సి.ఏ.తో పొసగక బయటికి వచ్చిన ఆ జట్టు ఒక సభాభవనాన్ని అద్దెకు తీసుకుని, టిక్కెట్లు అమ్మి, వచ్చిన సొమ్ము ఆటగాళ్లకు పంచడంతో వృత్తి బాస్కెట్‌బాల్ మొదలైందని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. తర్వాత ఇనుప తీగల వలలు, తాళ్ల వలలు బిగించిన ఈ పంజరాలు కొన్నిచోట్ల 1920ల దాకా నిలిచాయి.

ఆట బాగా వేళ్లూనుకున్నది పెద్ద నగరాల్లో కంటే ఇండియానా వంటి వ్యవసాయ రాష్ట్రాల్లో అంటే ఆశ్చర్యం అక్కరలేదు. మొక్కజొన్న కోతలు ముగిసి, పొలం పనులు లేని నవంబరు నుంచి మార్చి దాకా పల్లె జనానికి తీరిక ఉండేది. పదకొండుమంది కావలసిన ఫుట్‌బాల్ జట్టును కూర్చలేని చిన్న పాఠశాల కూడా ఐదుగురు కుర్రవాళ్లను వెతికి పట్టుకోగలిగేది. 1897 నాటికే ఆటగాళ్ల సంఖ్య ఐదుగా స్థిరపడింది. ఇండియానాలో 1911లో మొదలైన ఉన్నత పాఠశాలల రాష్ట్ర టోర్నమెంటులో చిన్నబడి, పెద్దబడి అన్న తేడా లేకుండా అందరూ ఒకే పోటీలో తలపడేవారు. 161 మంది విద్యార్థులున్న మైలన్ పాఠశాల, 1954 చివరి పోటీలో మన్సీ సెంట్రల్ అనే పెద్ద పాఠశాలను 32-30తో ఓడించినప్పుడు, ఆ రాష్ట్రంలోని ప్రతి చిన్న ఊరూ అది తన గెలుపే అనుకుంది. తర్వాతి ఏళ్లలో నవంబరు వచ్చేసరికి ఈసారి మనవంతు అనే ఆశ ప్రతి ఊరి వ్యాయామశాలలోనూ పొడసూపడానికి ఆ గెలుపు ఒక కారణమైంది.

ఆ ఆశలో అందరికీ సమాన వాటా దక్కలేదని కూడా చెప్పవలసి ఉంది. ఇండియానాపొలిస్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం వేరుగా నెలకొల్పిన క్రిస్పస్ అటక్స్ పాఠశాలకు 1942 దాకా రాష్ట్ర టోర్నమెంటులో ప్రవేశమే లేదు. ఆస్కార్ రాబర్ట్‌సన్ వంటి అసామాన్య క్రీడాకారుడితో ఆ పాఠశాల 1955లో రాష్ట్ర విజేతగా నిలిచినప్పుడు, విజేతలు నగరం నడిబొడ్డున జరుపుకునే సంబరాన్ని అధికారులు కుదించి, ఊరేగింపును నల్లజాతివారి పేటకు మళ్లించారు. ఆ అవమానాన్ని రాబర్ట్‌సన్ మరచిపోలేదు. క్రీడా సంస్కృతిని మెచ్చుకునేవారు ఈ అధ్యాయాన్ని విడిచిపెట్టకూడదు. ఎవరి సంబరానికి వీధి తెరుచుకుంటుందో, ఎవరి సంబరానికి మూసుకుంటుందో చూస్తేనే ఒక సమాజం ఆటను ఎంతవరకు తన సొంతం చేసుకుందో తెలుస్తుంది.

వృత్తి బాస్కెట్‌బాల్ పెద్ద నగరాలకు స్థిరంగా చేరడానికి కూడా క్యాలెండర్‌లోని ఖాళీయే కారణమైంది. మంచుమీద ఆడే హాకీ కోసం పెద్ద భవనాలు కట్టుకున్న యజమానులు, హాకీ లేని రాత్రులు అవి ఖాళీగా ఉండకూడదని 1946 జూన్ 6న న్యూయార్క్‌లో సమావేశమై, నేటి ఎన్‌బీఏకు మాతృకైన బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాను స్థాపించారు. దాని అధ్యక్షుడు మోరిస్ పోడొలోఫ్ అప్పటికే ఒక హాకీ లీగుకు అధ్యక్షుడు. తొలి సీజన్ తొలి ఆట 1946 నవంబరు 1న కెనడాలోని టొరంటోలో, హస్కీస్ జట్టుకూ న్యూయార్క్ నికర్‌బోకర్స్ జట్టుకూ మధ్య జరిగింది. హాకీ తప్ప మరొకటి పెద్దగా ఎరగని ఆ ఊరి జనాన్ని రప్పించడానికి, హస్కీస్ ఆటగాడు జార్జ్ నోస్ట్రాండ్ కంటే, అంటే ఆరడుగుల ఎనిమిది అంగుళాల కంటే, పొడవైనవారికి ప్రవేశం ఉచితమని ప్రకటించారు. ఆనాటి ఆటలో న్యూయార్క్ 68-66తో గెలిచింది. తొలి రోజును ఒక చమత్కారంతో ముడిపెట్టే పద్ధతి ఈ లీగుతోపాటే పుట్టిందన్నమాట.

సీజన్ తొలి రోజుల పట్టికే ఒక చారిత్రక ఘట్టానికి తేదీని నిర్ణయించిన సందర్భం 1950లో వచ్చింది. ఆ ఏడాది ఎన్‌బీఏ జట్లు మొదటిసారిగా నల్లజాతి క్రీడాకారులను చేర్చుకున్నాయి. బోస్టన్‌లో చక్ కూపర్, న్యూయార్క్‌లో నాట్ క్లిఫ్టన్, వాషింగ్టన్‌లో ఎర్ల్ లాయిడ్ ఉన్నారు. వాషింగ్టన్ జట్టు తొలి ఆట మిగిలినవారి కంటే ముందుగా, అక్టోబరు 31న రోచెస్టర్‌లో పడటంతో, ఎన్‌బీఏలో ఆడిన తొలి నల్లజాతి క్రీడాకారుడనే స్థానం లాయిడ్‌కు దక్కింది; మరునాడే కూపర్, కొద్ది రోజులకు క్లిఫ్టన్ కోర్టులో అడుగుపెట్టారు. ఏడు ఆటలు ఆడేసరికి సైన్యం నుంచి పిలుపు వచ్చి లాయిడ్ వెళ్లిపోవలసి వచ్చినా, తిరిగివచ్చి 1955లో సిరక్యూస్ జట్టుతో విజేతగా నిలిచాడు.

అదే 1950 నవంబరు 22న, సీజన్ ఇంకా లేతగా ఉండగానే, ప్రేక్షకుల ఓపికను పరీక్షించిన మ్యాచ్ ఒకటి జరిగింది. మినియాపొలిస్ లేకర్స్ జట్టులోని ఎత్తైన ఆటగాడు జార్జ్ మైకన్ చేతికి బంతి అందకూడదని, ఫోర్ట్ వేన్ పిస్టన్స్ ఆటగాళ్లు బంతిని తమలో తామే అందించుకుంటూ కాలం గడిపి 19-18తో గెలిచారు. 48 నిమిషాల ఆటలో రెండు జట్లూ కలిసి చేసిన పాయింట్లు 37 మాత్రమే. ఇలాంటి ఆటలకు జనం డబ్బు చెల్లించి రారని గ్రహించిన సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్, చూడ ముచ్చటైన ఆటలో రెండు జట్లూ కలిసి సుమారు 120 సార్లు బుట్టకు గురిపెడతాయని లెక్కగట్టి, 48 నిమిషాల్లోని 2,880 సెకన్లను 120తో భాగించాడు. వచ్చిన ఫలితం 24. బంతి చేతికొచ్చిన 24 సెకన్లలోపు బుట్టకు వేయాలన్న ఈ నియమం 1954 అక్టోబరు చివర, కొత్త సీజన్‌తోపాటు అమలులోకి వచ్చింది. ఒక్కో జట్టు సగటు స్కోరు సుమారు 79 నుంచి 93కు పెరిగింది. బోర్డు, కంచెల తరువాత ప్రేక్షకుల కోసం ఆట మారిన మూడో పెద్ద సందర్భం ఇది.

కళాశాలల్లో సీజన్ ఆరంభాన్ని పండుగగా మార్చిన ఘనత ఒక నిబంధనకూ, దానిని ఉత్సాహంగా వాడుకున్న ఒక కోచ్‌కూ చెందుతుంది. కళాశాల క్రీడలను పర్యవేక్షించే ఎన్‌సీఏఏ, అక్టోబరు 15కు ముందు జట్లు సాధన మొదలుపెట్టకూడదని ఆనాడు నియమం పెట్టింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం కోచ్ లెఫ్టీ డ్రైసెల్, 1971లో ఆ తేదీ ప్రవేశించిన మూడు నిమిషాలకే, అంటే అర్ధరాత్రి 12 గంటల 3 నిమిషాలకు, తన ఆటగాళ్లను స్టేడియం చుట్టూ పరుగెత్తించాడు. దీపాలు లేని దారికి కార్ల హెడ్‌లైట్లే వెలుగు. కబురు తెలిసిన విద్యార్థులు వందల సంఖ్యలో వచ్చి గట్టున కూర్చుని కేరింతలు కొట్టారు. ఆ పరుగే తర్వాత ‘మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్’ అనే పేరుతో దేశమంతటా వ్యాపించింది. కెంటకీ విశ్వవిద్యాలయం 1982లో దీన్ని స్వీకరించగా, అక్కడి అభిమానులు ఒట్టి సాధన చూడటానికి దొరికే టిక్కెట్ల కోసం గుడారాలు వేసుకుని రోజుల తరబడి కాచుకునే స్థాయికి ఆ ఆచారం పెరిగింది. నైస్మిత్ 1898లో వెళ్లి తొలి కోచ్‌గా పనిచేసిన కాన్సస్ విశ్వవిద్యాలయంలో 1985 నుంచి ‘లేట్ నైట్’ పేరుతో జరిగే వేడుకలో ఆటగాళ్లు నాటికలు వేస్తారు, నృత్యాలు చేస్తారు. 2013లో నియమం సడలి సాధన ముందుగానే మొదలుపెట్టే వీలు కలగడంతో అర్ధరాత్రికి అర్థం లేకుండా పోయినా, వేడుక మాత్రం ఆగలేదు.

పెద్ద విశ్వవిద్యాలయాల వెలుగులకు దూరంగా, చిన్న కళాశాలల్లో ఈ సంస్కృతి మరింత సహజంగా కనిపిస్తుంది. ఆర్కన్సాస్ రాష్ట్రంలోని సైలోమ్ స్ప్రింగ్స్‌లో ఉన్న జాన్ బ్రౌన్ విశ్వవిద్యాలయంలో, సొంత ఊరిలో జరిగే తొలి ఆటకు ప్రేక్షకులు టాయిలెట్ పేపర్ చుట్టలు చేతపట్టుకుని వచ్చేవారు. తమ జట్టు వేసిన మొదటి బంతి బుట్టలో పడగానే వేలకొద్దీ చుట్టలు ఒక్కసారిగా గాలిలోకి లేచి, తెల్లటి తోరణాల్లా విప్పుకుంటూ కోర్టు నిండా పరుచుకునేవి. రిఫరీ నియమం ప్రకారం ‘టెక్నికల్ ఫౌల్’ విధించేవాడు; అంటే ప్రేక్షకుల ప్రవర్తనకు శిక్షగా ఎదుటి జట్టుకు ఉచితంగా బుట్టకు వేసే అవకాశం దక్కేది. ఆ నష్టాన్ని ఊరంతా సంతోషంగా భరించేది, కోర్టు శుభ్రం చేశాక ఆట మళ్లీ మొదలయ్యేది. ఇండియానాలోని అప్లండ్‌లో ఉన్న టేలర్ విశ్వవిద్యాలయంలో డిసెంబరు పరీక్షలకు ముందు జరిగే ‘సైలెంట్ నైట్’ ఆటలో, పైజమాలూ వింతవేషాలూ ధరించిన విద్యార్థులు తమ జట్టు పదో పాయింటు చేసేదాకా నోరు మెదపరు. బూట్ల కిచకిచా, బంతి నేలకు తగిలే చప్పుడూ తప్ప మరేమీ వినిపించని ఆ వ్యాయామశాల, పదో పాయింటు పడిన క్షణాన కప్పు ఎగిరిపోయేలా దద్దరిల్లుతుంది. ఈ రెండు ఆచారాలూ సీజన్ మొదటి భాగానికి చెందినవే కావడం యాదృచ్ఛికం కాదు. ఒక ఫౌల్‌ను నవ్వుతూ వదులుకోగలిగే తీరిక టైటిల్ కోసం తలపడే మార్చిలో ఎవరికీ ఉండదు.

తొలి వారాల ఫలితాలను చూసి జోస్యం చెప్పేవారికి ఎన్‌బీఏ చరిత్ర రెండు వైపులా సాక్ష్యం ఇస్తుంది. 1948-49 సీజన్‌ను వాషింగ్టన్ కాపిటల్స్ వరుసగా 15 విజయాలతో మొదలుపెట్టి, చివరి సిరీస్‌లో మినియాపొలిస్ చేతిలో ఓడింది; సరిగ్గా అదే 15 విజయాలతో 1993-94ను ఆరంభించిన హ్యూస్టన్ రాకెట్స్ టైటిల్ గెలిచింది. గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2015-16లో మొదటి 24 ఆటలూ గెలిచి, మొత్తం 73 విజయాలతో రికార్డు నెలకొల్పి కూడా, ఫైనల్‌లో 3-1 ఆధిక్యాన్ని చేజార్చుకుని క్లీవ్‌లాండ్ చేతిలో ఓడిపోయింది. అభిమానులకు ఇదంతా తెలియనిది కాదు. ఏరువాక పున్నమినాడు ఎద్దులకు పసుపు కుంకుమలు పెట్టి, తొలి చాలు దున్ని సంబరం చేసుకునే రైతుకు ఆ ఏటి వానల సంగతి ముందుగా తెలియనట్లే, అక్టోబరులో జట్టు రంగులు ధరించే అభిమానికి కూడా జూన్ సంగతి తెలియదు; ఇద్దరూ పండుగ చేసుకునేది ఆరంభాన్నే.

ఈ ఆట భారతదేశానికి వచ్చిన దారి కూడా స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచే సాగింది. ఆ పాఠశాలలో చదువుకున్న హ్యారీ క్రో బక్, 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న ఆ కాలంలో, బడిలో ఆటలు నేర్పే డ్రిల్లు మాస్టారి ఉద్యోగానికి శాస్త్రీయమైన చదువు అందించిన కేంద్రం అదే. దాదాపు వందేళ్ల తరువాత, 2019 అక్టోబరు 4, 5 తేదీల్లో, సీజన్‌కు ముందు జరిగే సన్నాహక ఆటలను శాక్రమెంటో కింగ్స్, ఇండియానా పేసర్స్ జట్లు ముంబైలో ఆడాయి. ఎన్‌బీఏ జట్లు భారత గడ్డ మీద తలపడటం అదే మొదటిసారి, తొలిరోజు ఆటను చూసినవారిలో అత్యధికులు బడిపిల్లలు. అమెరికా తూర్పు తీరంలో అక్టోబరు సాయంత్రం ఏడింటికి మొదలయ్యే ఆట హైదరాబాదులో, విజయవాడలో తెల్లవారుజామున నాలుగున్నరకు కనిపిస్తుంది. ఆ వేళకు లేచి చూసే తెలుగు అభిమానికి కూడా ఈ సీజన్ ఆరంభంలో వాటా ఉంది.

ఈ 130 ఏళ్ల చరిత్రను మొత్తంగా చూస్తే, క్రీడా సంస్కృతిని ట్రోఫీలతోనూ స్కోర్లతోనూ మాత్రమే కొలవడం ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. నైస్మిత్ ఆటకు నియమాలు ఇచ్చాడు, భవనాల యజమానులు వేదిక ఇచ్చారు. కానీ బుట్టకు బోర్డు రావడానికీ, 24 సెకన్ల గడియారం మోగడానికీ, ఒట్టి సాధన రోజు అర్ధరాత్రి పండుగ కావడానికీ కారణం వసారాల్లోనూ గట్ల మీదా కూర్చున్న జనం. విజేతల పేర్లు రికార్డు పుస్తకాల్లో భద్రంగానే ఉంటాయి. ప్రేక్షకుల ఆచారాలను నమోదు చేసే పుస్తకాలు అరుదు కాబట్టి, ఆట చరిత్ర రాసేవారు సీజన్ ముగింపునకు ఇచ్చినంత చోటు దాని ఆరంభానికీ ఇవ్వాలి. అప్పుడే ఆ చరిత్రలో ఆడినవారితోపాటు చూసినవారు కూడా కనిపిస్తారు.